వెలుగుతో వైద్యము

కోనసీమలో అమలాపురమునకు చేరువనున్న బండారులంక నేతపనికి పేరొందిన గ్రామము. కొబ్బరితోటల నీడలో, పంటకాలువల నడుమ వెలసిన ఆ గ్రామమున నేతవారి వీథిలో నడచినచో మగ్గముల చప్పుడు చెవిని బడును. పడుగు నూలు బారులు తీరి నిలిచియుండగా, నాడె కుడినుండి యెడమకును, ఎడమనుండి కుడికిని పరువెత్తుచు పేకను పరచుచుండును. ఒక్కొక్క పోగే చేరి, కొన్ని దినములకు చీర యగును.

చీర అంచునకు వన్నె తెచ్చునది జరీ. చూచువారికి అది యంతయు బంగారమే యని తోచును. నిజమునకు అందలి బంగారము మిక్కిలి స్వల్పము. మేలైన జరీలో లోపలిది పట్టుదారము. దానిని చుట్టియుండునది సన్నని వెండితీగ. ఆ వెండిమీద నుండునది మందము కంటికి తెలియని బంగారుపూత. చీర మెరపంతయు ఆ పలుచని పూతవలన కలిగినదే.

లోపల చౌకయైన వస్తువు నుంచి, పైన పలుచని బంగారుపూత పూయు ఈ పద్ధతి వంటిదే మరియొక పద్ధతిని శాస్త్రజ్ఞులు వేరొక పనికి వినియోగించిరి. రాచపుండు అని మన పెద్దలును, క్యాన్సరు అని వైద్యులును చెప్పు వ్యాధిని నయము చేయుటకు వారు అట్టి పూతగల రేణువులను తయారుచేసిరి. జరీమీది బంగారము వెలుగును మెరపించును. ఈ రేణువుమీది బంగారము వెలుగును మ్రింగి వేడిగా మార్చును. ఆ వేడితో రోగము నెట్లు దహింపవచ్చునో, ఆ ప్రయత్నము నేటికి ఎంతవరకు వచ్చినదో తెలిసికొనదగియున్నది.

ముందుగా వ్యాధి స్వరూపము నెరుగవలెను. మన శరీరము లెక్కకు మిక్కిలియైన జీవకణములతో నిర్మింపబడినది. పాతబడిన కణములు నశించుచుండును. వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. ఎప్పుడు విభజన పొందవలెనో, ఎప్పుడు ఆగవలెనో ప్రతి కణమునకు ఒక కట్టుబాటు కలదు. ఏ కారణముననో ఒక కణము ఆ కట్టుబాటును తప్పి, ఆగక విభజన పొందుచు పోయినచో, దాని సంతతి యంతయు చేరి గడ్డయగును. ఆ గడ్డ చుట్టునున్న భాగములలోనికి చొచ్చుకొనిపోవును. అందలి కణములు కొన్ని రక్తముతో కొట్టుకొనిపోయి దూరపు అవయవములలో నాటుకొనును. ఇదియే క్యాన్సరు.

కోనసీమ రైతునకు ఈ కష్టము ఒక ఉపమానముతో బోధపడును. వరిచేలో ఊద మొలచును. పైరు చిన్నదిగా నున్నపుడు ఊదయు వరియు ఒకే తీరున కానవచ్చును. ఊదను చంపుట కష్టము కాదు. వరిని చెరుపక ఊదను మాత్రమే తీయుటయే కష్టము. క్యాన్సరు కణమును బయటినుండి వచ్చిన శత్రువు కాదు. మన శరీరమునందు పుట్టి, మన కణములనే పోలియుండునది. దానిని చంపగల విషములు అనేకములున్నవి. అవి మంచి కణములను విడిచిపెట్టుటయే దుర్లభము. క్యాన్సరు వైద్యచరిత్ర యంతయు ఈ కలుపుతీత చరిత్రయే యనవచ్చును.

వైద్యులకు ముఖ్యముగా మూడు సాధనములు చిరకాలమునుండి తెలిసియున్నవి. గడ్డను కోసి తీయుట మొదటిది. తీక్ష్ణమైన కిరణములతో దానిని నశింపజేయుట రెండవది. ఔషధములతో కణవిభజనను అరికట్టుట మూడవది. ఈ మూడవ మార్గమును తెరచినవారిలో ఒక తెలుగువాడు ఉండుట మనకు గర్వకారణము. వశిష్ఠ గోదావరికి ఆవలనున్న భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచట తయారైన అమినోప్టెరిన్ అను ఔషధమును బోస్టను నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరుతో బాధపడు పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి కొంతకాలము తగ్గినదని 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధికి మందే లేకుండెను. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ అను ఔషధము నేటికిని వాడుకలో నున్నది.

ఇట్టి ఔషధములు ఎందరి ప్రాణములనో నిలిపినవి. అయినను వానికొక లోపము కలదు. అవి వేగముగా విభజన పొందు కణముల నెల్ల దెబ్బతీయును. క్యాన్సరు కణములతోపాటు జుట్టు కుదుళ్లలోని కణములు, నోటి లోపొరలోని కణములు, రక్తమును పుట్టించు మూలుగలోని కణములు కూడ వేగముగా విభజన పొందునవే. అందువలన రోగి జుట్టు రాలును, నోరు పూయును, నీరసము కలుగును. ఊదతోపాటు కొంత వరియు పోవుచున్నదన్న మాట. రోగమున్న చోటనే పనిచేసి, తక్కిన చోట్ల ఊరకుండు సాధనము కొరకు శాస్త్రజ్ఞులు వెదకుటకు ఇదియే కారణము.

అట్టి సాధనము వేడి కావచ్చునా యను ఆలోచన క్రొత్తది కాదు. మన సుశ్రుతసంహితలో వేడిచేసిన శలాక మొదలగువానితో కాల్చి చేయు చికిత్స, అగ్నికర్మ యను పేర వర్ణింపబడినది. వేడి కణమును ఎట్లు చంపునో వంటయింటిలో కోడిగ్రుడ్డును చూచిన తెలియును. పచ్చిగ్రుడ్డులోని తెల్లసొన నీరువలె పారును. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలినంతనే అది గట్టిపడ మొదలిడును. తిరిగి చల్లార్చినను అది నీరు కాదు. ఆ సొనలోని ముఖ్యపదార్థమగు ప్రోటీను తన రూపమును శాశ్వతముగా కోల్పోయినది. జీవకణమును ప్రోటీనులతోనే బ్రతుకుచున్నది. మన శరీరపు సహజోష్ణము 37 డిగ్రీలు. అది ఒక చోట 42 మొదలు 45 డిగ్రీల వరకు పెరిగి కొంతసేపు నిలిచినచో అచటి కణములు దెబ్బతినును. 50 డిగ్రీలు దాటినచో అవి కొద్ది నిమిషములలోనే నశించును.

అయితే వేడికిని విచక్షణ లేదు. అది మంచి కణమును, చెడ్డ కణమును ఒకే తీరున కాల్చును. అంతే కాదు, అదుపులేని వేడి క్యాన్సరును పోగొట్టుటకు మారు దానిని పుట్టించుటకు తోడ్పడును. మన ఉత్తర కోస్తా జిల్లాలలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పుకొనను నోటి లోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ పొగయు, ఆ వేడియు ఏండ్ల తరబడి అంగిలికి తగులుటవలన అచట క్యాన్సరు పుట్టుచున్నదని వైద్యులు కనుగొనిరి. కావున వేడి మందు కావలెనన్న అది మూడు నియమములకు లోబడవలెను. తగినంత వేడియే పుట్టవలెను; తగినంత సేపే యుండవలెను; రోగమున్న చోటనే పుట్టవలెను. ఇందు మూడవది మిక్కిలి కష్టము. శరీరము లోపలనున్న గడ్డకు బయటినుండి వేడిని పంపినచో, దారిలోని చర్మమును, కండరమును ముందుగా కాలిపోవును.

ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము నాలోచించిరి. వేడిని బయటినుండి మోసికొనిపోవుట యెందుకు? తమంతట తాము ఏ హానియు చేయని రెండు వస్తువులను వేరువేరు దారుల లోనికి పంపి, అవి రెండును కలిసికొన్న చోటనే వేడి పుట్టునట్లు చేసిన చాలును గదా! ఆ రెండు వస్తువులలో ఒకటి వెలుగు. రెండవది బంగారు రేణువు.

వెలుగు శరీరము లోనికి పోవునా యని సందేహము కలుగవచ్చును. రాత్రివేళ టార్చిలైటును అరచేతితో మూసి చూచినచో ఈ సందేహము తీరును. వ్రేళ్ల సందులు ఎఱ్ఱగా వెలుగును. టార్చినుండి వచ్చు తెల్లని వెలుగులో అన్ని రంగులును ఉన్నవి. వానిలో నీలము, ఆకుపచ్చ మొదలగు రంగులను రక్తము మ్రింగివేసినది. ఎఱుపు మాత్రము కొంతవరకు దాటి వచ్చినది. ఎఱుపునకు ఆవల కంటికి కానరాని వెలుగు కలదు. దానిని పరారుణ కాంతి యందురు. అందులో ఎఱుపునకు మిక్కిలి దగ్గరగా నున్న భాగము, రక్తమునకును నీటికిని ఎక్కువగా చిక్కక, మాంసములో కొంతలోతువరకు పోగలదు. అది దారిలో అంతగా మ్రింగబడదు గనుక దారిలోని భాగములు అంతగా వేడెక్కవు. శరీరపు గోడకు ఇది యొక కిటికీ వంటిది.

ఇక బంగారము సంగతి. బంగారము పసుపుపచ్చగా నుండునని మనమెరిగినదే. కాని దానిని మిక్కిలి సూక్ష్మమైన రేణువులుగా చేసి నీటిలో నిలిపినచో ఆ నీరు కెంపువలె ఎఱ్ఱగా కానవచ్చును. ఆంగ్లశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే ఈ వింతను 1857లో పరిశోధించి, రేణువుల పరిమాణమునుబట్టి బంగారము రంగు మారునని చూపెను. ఆయన తయారుచేసిన ఎఱ్ఱని బంగారు ద్రావణములు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా నున్నవి. ఇట్టి రేణువులు వెలుగును ఎట్లు మ్రింగునో, ఎట్లు చెదరగొట్టునో 1908లో జర్మనీ దేశీయుడగు గుస్టావ్ మీ గణితముతో వివరించెను.

దీని కారణమును ఉయ్యాలతో పోల్చి చెప్పవచ్చును. అట్లతద్దినాడు బాలికలు ఉయ్యాల లూగుదురు. ఉయ్యాల ముందుకు పోవునపుడు సరిగా ఆ క్షణముననే తోసినచో, చిన్న తోపునకే అది కొమ్మలనంటునట్లు ఎగయును. వేళ తప్పి తోసినచో ఎంత బలముతో తోసినను ఊగదు. బంగారములో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు కోట్లకొలదిగా నున్నవి. వెలుగు అనునది అలల రూపమున వచ్చు తోపు. రేణువులోని ఎలక్ట్రానుల ఊపునకు సరిపోవు రంగు వెలుగు తగిలినపుడు, అవి యన్నియు ఒక్కుమ్మడిగా ఊగి, ఆ వెలుగును మ్రింగును. ఆ ఊపు చల్లారునపుడు, మ్రింగిన శక్తి వేడియై చుట్టునకు వ్యాపించును. ఏ రంగు వెలుగునకు ఊగవలెనో రేణువు పరిమాణమును, ఆకారమును నిర్ణయించును.

అయితే గుండ్రని చిన్న బంగారు రేణువులు ఆకుపచ్చ వెలుగును మ్రింగును. ఆకుపచ్చ వెలుగు మన శరీరములోనికి చొరదు. పరారుణ కాంతిని మ్రింగు రేణువు కావలెను. ఈ కొరతను అమెరికాలో హ్యూస్టను నగరమునందలి రైస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు నయోమీ హాలస్ తీర్చెను. ఆమెయు, ఆమె సహచరులును 1998 ప్రాంతమున ఇసుకలోని ముఖ్యపదార్థమగు సిలికాతో చిన్న గుండ్లను చేసి, వానిపై పలుచని బంగారుపూత పూసిరి. లోపలి గుండు ఎంత, పైపూత ఎంత అను దానినిబట్టి ఆ రేణువు మ్రింగు వెలుగు మారును. జరీలో బంగారుపూత మందము పెరిగినచో వెల పెరుగును. ఇచట పూత మందము మారినచో రేణువు స్వభావమే మారును. పూతను సరిగా కుదిర్చి, పరారుణ కాంతినే మ్రింగునట్లు వారు చేయగలిగిరి.

ఆ రేణువుల సూక్ష్మతను ఊహించుట కష్టము. మీటరును నూరు కోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. చికిత్సకు వాడు పూతరేణువు అడ్డుకొలత సుమారు 150 నానోమీటర్లు. తలవెండ్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లు. కావున ఇట్టి రేణువులను అయిదువందలకు పైగా వరుసగా పేర్చినగాని ఒక వెండ్రుక మందము కాదు. ఎఱ్ఱరక్తకణము సయితము వీని ప్రక్కన పెద్ద బండరాయి వంటిది. అందువలననే వీనిని నానోరేణువులందురు. వీనిని సూదిమందుగా రక్తనాళములోనికి ఎక్కించినచో రక్తముతోపాటు శరీరమంతట తిరుగును.

అట్లు తిరుగు రేణువులు గడ్డలో ఎట్లు నిలుచును? ఇందుకు గడ్డయొక్క తొందరపాటే తోడ్పడును. బాగుగా దిమ్మిస వేసిన కాలువగట్టు నీటిని బయటికి పోనీయదు. తొందరలో మట్టిపోసి వేసిన గట్టునుండి నీరు ఊరుచుండును. గడ్డ వేగముగా పెరుగుచు, తనకు కావలసిన రక్తనాళములను అట్టి తొందరలోనే కట్టుకొనును. వాని గోడలలో సందులుండును. రక్తముతో వచ్చిన సూక్ష్మరేణువులలో కొన్ని ఆ సందులగుండ కారి గడ్డలో నిలిచిపోవును. జపాను దేశపు శాస్త్రజ్ఞులు మత్సుమురా, మాయెదా యనువారు 1986లో ఈ విషయమును లోకమునకు తెలిపిరి.

హాలస్‌తో కలిసి పనిచేసిన జెనిఫర్ వెస్ట్ మొదలగువారు 2003లో ఈ ఉపాయమును పరీక్షించిరి. రొమ్ము క్యాన్సరు కణములను గాజుపాత్రలో పెంచి, వానికి పూతరేణువులను చేర్చి, పరారుణ కాంతి ప్రసరింపజేసిరి. కాంతిపడిన మేర కణములు చచ్చినవి. రేణువులు లేని కణములపై అదే కాంతి అంతేసేపు పడినను అవి చావలేదు. కాంతి పడని చోట రేణువులున్నను కణములు చావలేదు. రెండును కూడిన చోటనే చావు కలిగినది. ఈ చికిత్సకు ప్రాణమైన సూత్రము ఇదియే. మరుసటి సంవత్సరము గడ్డలుగల చిట్టెలుకలకు రేణువుల నెక్కించి కాంతి ప్రసరింపజేయగా, గడ్డలు అణగిపోయి, 90 దినములు గడచిన తరువాతను ఆ యెలుకలు ఆరోగ్యముగా నుండెను.

చిట్టెలుక చిన్నది, దాని గడ్డ చర్మమునకు దగ్గరగా నుండును. మనుష్యుని శరీరమున గడ్డ లోతుగా నుండవచ్చును. కావున ఎలుకలో నెగ్గినదెల్ల మనుష్యునిలో నెగ్గునని చెప్పుటకు వీలులేదు. మనుష్యులయందు జరిగిన పరీక్షలలో ఒకదాని ఫలితములు 2019లో వెలువడినవి. న్యూయార్కు నగరమున మౌంట్ సైనాయ్ వైద్యకళాశాల వైద్యులు, పురుషులకు మూత్రాశయము క్రింద నుండు ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు గడ్డగల 16 మందిని ఈ చికిత్సకు తీసికొనిరి. మొదటిదినమున పూతరేణువులను రక్తములోనికి ఎక్కించిరి. మరునాడు దారమువంటి సన్నని గాజుతంతువులను గడ్డలోనికి చొప్పించి, వానిద్వారా లేసరు కాంతిని పంపిరి. 15 మందికి చికిత్సను పూర్తిచేయగలిగిరి. ఆ గ్రంథిని పూర్తిగా కోసితీయుటవలన తరచుగా కలుగు మూత్రబాధలు మొదలగునవి వారికి చెప్పుకోదగినంతగా పెరుగలేదు. వరిని విడిచి ఊదను మాత్రమే తీయవచ్చునను ఆశ దీనితో కొంత బలపడినది.

ఈ పరిశోధనలో మన దేశమును వెనుకబడలేదు. ఎక్కించిన రేణువులు పని ముగిసిన తరువాత ఏమగును అను ప్రశ్న వైద్యులను వేధించుచుండెను. బంగారము తుప్పు పట్టదు, కరగదు. జరీకి అది గుణము. శరీరమున అదియే దోషము కావచ్చును. రేణువులు కాలేయములోను, ప్లీహములోను చిరకాలము నిలిచిపోవచ్చును. బొంబాయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులును, టాటా స్మారక కేంద్రమునకు చెందిన క్యాన్సరు పరిశోధనాలయము వారును కలిసి దీనికొక మార్గమును వెదకిరి. వారు లోపల సిలికాకు మారుగా క్రొవ్వుపదార్థముతో చేసిన సూక్ష్మమైన బుడగ నుంచి, దానిపై బంగారమును పూసిరి. ఆ బుడగ శరీరములో విచ్ఛిన్నమగును. అప్పుడు పూత చిన్నచిన్న తునియలై కాలేయముద్వారా పిత్తముతోను, మూత్రపిండములద్వారా మూత్రముతోను బయటికి పోవుటను వారు జంతువులలో గమనించిరి. చిట్టెలుకలలోని గడ్డలు లేసరు కాంతికి పూర్తిగా నశించుటను కూడ చూచిరి. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడెను. అందు ముఖ్యపాత్ర వహించిన అరవింద్ కుమార్ రెంగన్ పిమ్మట హైదరాబాదు సమీపమున కందియందున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడై, తన శిష్యులతో ఈ పరిశోధనలనే కొనసాగించెను. ఆ విధముగా వెలుగుతో వైద్యము తెలుగునాటను అధ్యయన విషయమైనది.

ఇంత విన్న తరువాత, క్యాన్సరునకు ఇక భయపడనక్కరలేదని తలచుట పొరపాటు. ఈ మార్గమున ఇంకను పెద్ద అడ్డంకులున్నవి. మొదటిది, చేరుట. టొరాంటో విశ్వవిద్యాలయమువారు పదేండ్ల పరిశోధనలను సరిచూచి, జంతువులలోనికి ఎక్కించిన నానోరేణువులలో గడ్డకు చేరునవి సాధారణముగా నూటికి ఒక పాలు కూడ లేవని 2016లో తెలిపిరి. రెండవది, లోతు. పరారుణ కాంతియు మాంసములో కొద్ది సెంటీమీటర్లు పోవునప్పటికి క్షీణించును. అందువలననే గాజుతంతువులు కావలసివచ్చినవి. మూడవది, వ్యాప్తి. క్యాన్సరు కణములు శరీరమంతట చెదరిపోయిన పిమ్మట వెలుగును ఎచ్చట ప్రసరింపజేయవలెను? ఒకచోట నిలిచిన గడ్డకే ఈ చికిత్స తగును. నాల్గవది, కాలము. పదునారుమందికి చేసిన పరీక్ష దారిని చూపును, గమ్యమును చేర్చదు. వందలకొలది రోగులను ఏండ్లతరబడి గమనించినగాని వైద్యులు ఒక చికిత్సను నమ్మి, అందరికిని చేయజాలరు. కావున ఇది నేటికిని పరిశోధనలోనున్న చికిత్సయే గాని, ఊరూర ఆసుపత్రులలో దొరకు చికిత్స కాదు.

బంగారము పేరు చెప్పి అమ్మెడి మందులన్నియు ఇట్టివే యని భ్రమపడుటయు తగదు. ఈ చికిత్సలో బంగారము రోగమును నయముచేయు మందు కాదు. అది వెలుగును వేడిగా మార్చు పనిముట్టు మాత్రమే. తగిన కొలత, తగిన పూత, తగిన కాంతి, చూచి నడపు వైద్యుడు ఇవి యన్నియు కూడినపుడే అది పనిచేయును. బంగారమును తినినంత మాత్రమున క్యాన్సరు తగ్గునని ఈ పరిశోధనలేవియు చెప్పలేదు. అట్టి మాటలు నమ్మి కాలము గడపిన రోగి, చికిత్సకు లొంగు దశను దాటిపోవును.

నేడు చేతనున్న చికిత్సలలో మేలైనది, వేళకు చేసిన చికిత్స. మూడు వారములు దాటినను మానని నోటిపుండు, నొప్పి లేకున్నను పెరుగుచున్న గడ్డ, కారణము తెలియని రక్తస్రావము, నోటిలోని తెల్లని మచ్చ ఇట్టివి కనిపించినపుడు దాచిపెట్టరాదు. నొప్పి లేదు గదా యని ఉపేక్షింపరాదు. గడ్డ చిన్నదిగా నున్నపుడు కోసి తీసినను, కిరణములతో కాల్చినను, రేపు వెలుగుతో వేడిచేసినను నయమగు ఆశ యధికము. హైదరాబాదులోని మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి మొదలగునవి ఈ సేవకై యేర్పడినవే. పొగాకును ముట్టకుండుట అన్నిటికంటె చౌకయైన వైద్యము.

బండారులంక నేతగాని మగ్గముపై వేలకొలది పడుగు పోగులు బిగిసియుండును. నేయుచుండగా అప్పుడప్పుడు ఒక పోగు తెగును. అందుకై అతడు పడుగునంతయు కోసి పారవేయడు. మగ్గమును ఆపి, దీపము దగ్గరకు జరుపుకొని, ఆ వేల పోగులలో తెగిన దానిని వెదకి పట్టి, ప్రక్క పోగు కదలకుండ ముడివేయును. తెగిన వెంటనే చూచినచో ముడితో పోవును. చూడక నేసినచో చీర పొడవునను గీత పడును. వెలుగుతో వైద్యము చేయదలచిన శాస్త్రజ్ఞులు నేర్చుకొనుచున్న విద్యయు ఇట్టిదే. వారి చేతికి ఆ నేర్పు పూర్తిగా వచ్చువరకు, పోగు తెగిన వెంటనే గుర్తించు జాగ్రత్త మాత్రము ప్రతి ఇంటను ఉండవలెను.